ఆటస్థలం లెక్కలో పిల్లలెక్కడ?

వేములపల్లి చుట్టూ సాగర్ కాల్వ ఉంది, నాలుగు వరుసల రోడ్డు ఉంది, రెండు పంటలు పండే మాగాణి ఉంది. సాయంత్రం పూట పిల్లలు ఆడుకోవడానికి, ఆడవాళ్లు నాలుగడుగులు నడవడానికి, పెద్దవాళ్లు కాసేపు కూర్చోవడానికి చోటెక్కడుందంటే మాత్రం జవాబు వెతుక్కోవాలి.

ఏప్రిల్ నెలాఖరుకు బడులకు సెలవులిస్తారు. నల్లగొండ జిల్లా వేములపల్లి మండలంలో యాసంగి వరి కోతలు ముగింపుకొచ్చేదీ ఆ రోజుల్లోనే. హార్వెస్టర్లు పొలాలు దాటి గట్టెక్కుతాయి, ట్రాక్టర్ల మీద వడ్లు ఊళ్లోకి వస్తాయి. బడి ముందరి జాగా, గుడి వెనక జాగా, ఊరి చివర చదును చేసిన క్రీడా ప్రాంగణం... ఖాళీగా కనిపించిన ప్రతి చోటా పట్టాలు పరుచుకుంటాయి. అవీ చాలకపోతే రోడ్డు మీదే సగం దాకా ఆరబోస్తారు. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో కాంటా పడదు. మబ్బు పడితే రైతు గుండెల్లో రాయి పడ్డట్టే. ఆ పంట అతని ఆరు నెలల కష్టం, ఆ జాగా అతనికి అక్కర. ఇందులో తప్పుపట్టాల్సిన మనిషి ఎవరూ లేరు.

కానీ ఆ నెలన్నరే పిల్లలకు ఏడాది మొత్తంలో దొరికే పెద్ద సెలవు. ఊళ్లో ఖాళీ జాగా లేని రోజులూ, బడి లేని రోజులూ ఒక్కటవుతున్నాయి. ఏటా ఇదే జరుగుతోంది. వానకాలం పంట చేతికొచ్చే అక్టోబరు, నవంబరుల్లోనూ ఇదే తంతు. ఎవరూ ఫిర్యాదు రాయని కష్టం కాబట్టి ఇది ఏ రికార్డులోకీ ఎక్కదు.

చెలక తరి అయ్యాక

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాల్వ అని పేరున్న ఎడమ కాల్వ హాలియా, నిడమనూరు వైపు నుంచి వేములపల్లి ప్రాంతాన్ని తడుపుతూ హుజూర్‌నగర్, కోదాడ దిక్కుగా సాగిపోతుంది. ఈ కాల్వ రాకముందు ఇదంతా మెట్ట సీమ. జొన్న, సజ్జ, కంది, ఆముదం. పంట తీసిన చెలక మళ్లీ వానలు పడేదాకా ఖాళీగా ఉండేది. ఊరిని ఆనుకుని పశువులు మేసే బంచరాయి ఉండేది. ఎండాకాలం చెరువు ఇంకిపోతే శిఖం భూమి బయటపడేది. చిర్రగోనె ఆడాలన్నా, కబడ్డీకి గీతలు గీయాలన్నా పిల్లలు ఎవరినీ అడగాల్సిన పని లేదు.

నీళ్లొచ్చాయి. చెలక తరి అయింది. ఆ మార్పు ఈ ప్రాంతానికి అన్నం పెట్టింది, మిర్యాలగూడను రైస్ మిల్లుల పట్టణంగా నిలబెట్టింది. దాన్ని ఎవరూ కాదనరు. అయితే ప్రతి గుంటకూ ధర వచ్చింది, ప్రతి మడికీ గట్టు వచ్చింది. పొలం ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లలోనో పైరుతోనో ఉంటుంది. వానకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య దొరికే కొద్ది వారాలే పిల్లల క్రికెట్ సీజన్. అదీ కొయ్యకాళ్ల మీద, పాదాలకు గుచ్చుకుంటూ. బంచరాయి భూముల్లో ఇళ్ల స్థలాలొచ్చాయి, సర్కారు ఆఫీసులొచ్చాయి, కొంత సాగులో కలిసిపోయింది. ఖాళీ జాగా తరిగిపోవడం ఒక్క రోజులో కనిపించేది కాదు గనక దానికి తేదీ లేదు. నీళ్లు వచ్చిన తేదీ మాత్రం అందరికీ గుర్తుంది.

చట్టంలో లేని ఆట

1992లో రాజ్యాంగానికి 73, 74 సవరణలు చేసినప్పుడు పంచాయతీల పనులు 11వ షెడ్యూల్లో, పురపాలికల పనులు 12వ షెడ్యూల్లో చేర్చారు. పురపాలికలకు ఇచ్చిన 18 అంశాల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని తేటతెల్లంగా ఉంది. పంచాయతీలకు ఇచ్చిన 29 అంశాలు మొదట్నుంచి చివరిదాకా చదవండి. తాగునీరు ఉంది, రోడ్లున్నాయి, గ్రంథాలయాలున్నాయి, సాంస్కృతిక కార్యక్రమాలున్నాయి. ఆటస్థలం లేదు. పల్లె అంటే ఎటు చూసినా ఖాళీ జాగాయే కదా, దానికి ప్రత్యేకంగా రాయడమెందుకు అనుకున్నారేమో. సాగర్ ఆయకట్టు పల్లెలో ఆ ఖాళీ జాగా అప్పటికే పాతికేళ్లుగా కరిగిపోతోంది.

నగరాల ప్రణాళిక కోసం కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటాయి. హైదరాబాద్‌లో ఆ లెక్క ఎంత తక్కువైందో అడగడానికి వీలుంది. పల్లెకు ఆ ప్రశ్నే పుట్టలేదు. కేంద్రం ఏటా సేకరించే బడుల వివరాల్లో ఆటస్థలం గురించి అడిగే ప్రశ్నకు ప్రధానంగా వచ్చే జవాబు రెండే ముక్కలు: ఉంది, లేదు. విద్యాహక్కు చట్టం 2009లో బడికి ఆటస్థలం ఉండాలని రాశారు. అది సాయంత్రం ఐదు దాటాక ఊరి పిల్లలకు తెరిచి ఉండాలని ఎక్కడా లేదు. 2022లో మొదలైన ‘మన ఊరు–మన బడి’ పథకం కింద సర్కారు బడుల్లో చేపట్టిన 12 రకాల పనుల్లో ప్రహరీ గోడ ఒకటి. బడికి భద్రత కావాల్సిందే. కానీ గోడ లేనప్పుడు సాయంత్రాలు అందరిదిగా ఉన్న జాగా, గోడ కట్టి గేటుకు తాళం వేశాక ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ తాళం చెవి సాయంత్రం ఎవరి దగ్గర ఉండాలో ముందే రాసుకోని ఊళ్లో అదే జరుగుతుంది.

మొక్కకు లెక్క, మనిషికి లెక్క లేదు

2019 సెప్టెంబరులో రాష్ట్ర సర్కారు పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైంది. ప్రతి పంచాయతీకి నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ట్రాక్టరు వచ్చాయి. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. 2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినాన, తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. పల్లెల్లో 19 వేల పైచిలుకు ఆవాసాలకు ఒక్కో ప్రాంగణం అన్నది లక్ష్యం. అర ఎకరం నుంచి ఎకరం జాగా, ఉపాధి హామీ నిధులు, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, వ్యాయామం చేసే బార్లు, చుట్టూ చెట్లు, ముందర పెద్ద బోర్డు. పల్లెకు ఆటస్థలం కావాలని ఒక సర్కారు ఇంత పెద్ద ఎత్తున ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఆ ఆలోచనకు చెందాల్సిన గౌరవం చెందాలి.

చిక్కల్లా వరుసలో ఉంది. శ్మశానానికీ, చెత్తకూ, నర్సరీకీ, వనానికీ జాగాలు పోయాక ఆటస్థలం వంతు వచ్చింది. అప్పటికి చాలా ఊళ్లలో మిగిలింది ఊరికి దూరంగా ఉన్న ముక్క, గుట్ట వాలు, చెరువు శిఖం, వైకుంఠధామం పక్క జాగా. రాష్ట్రవ్యాప్తంగా తెలుగు పత్రికలు అప్పటి నుంచి మళ్లీ మళ్లీ రాసిన వార్త ఇదే. ఆ వార్తల్లోని ప్రాంగణాలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. బోర్డు బాగుంటుంది. వాలీబాల్ గుంజలు రెండూ నిలబడి ఉంటాయి, మధ్యన నెట్ ఉండదు. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక బదులు గరిక మొలుస్తుంది. బార్ల చుట్టూ వయ్యారిభామ మోకాలెత్తు పెరుగుతుంది, గట్టు పొడవునా సర్కారు తుమ్మ లేస్తుంది. వానాకాలంలో అందులోకి పిల్లల్ని పంపడానికి ఏ తల్లయినా పామును తలచుకుని జంకుతుంది.

ఇంత జరిగినా కాగితం మీద ఆ ప్రాంగణం పూర్తయినట్టే. జాగా కేటాయించారు, పని పూర్తయింది, ఫొటో పెట్టారు. మన లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఇంతకంటే లోతైన లెక్క వేయడం మనకు చేతకాక కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, బతకకపోతే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పాలంది. అందుకే ట్యాంకర్‌తో నీళ్లు పోశారు, ముళ్లకంచెలు కట్టారు, చచ్చిన మొక్క చోట ఇంకోటి నాటారు. మొక్క నాటడంతో సరిపెట్టకుండా అది బతికిందా అని అడిగాం కాబట్టే అన్ని ఊళ్లలో చెట్లు కనిపిస్తున్నాయి. మైదానం చదును చేశాక దాంట్లోకి ఎవరొచ్చారని ఎవరూ అడగలేదు. అదే చట్టం చెప్పిన నాలుగు స్థాయీ సంఘాల్లో పారిశుద్ధ్యం ఉంది, వీధిదీపాలున్నాయి, మొక్కలున్నాయి, పనులున్నాయి. ఆట ఏ సంఘం కిందికీ రాలేదు.

ఎంత దూరం, ఏ దారిన

ఆటస్థలం నాణ్యత కొలవాలంటే మొదట చూడాల్సింది దూరం. ఇంగ్లండ్‌లో చాలాకాలంగా వాడుతున్న కొలత ఒకటుంది: ఏ ఇంటి నుంచైనా 300 మీటర్లలోపు కనీసం రెండు హెక్టార్ల పచ్చటి జాగా ఉండాలి. ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ 400 మీటర్ల నడక దూరాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. 2015లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.7వది, 2030 నాటికి ఆడవాళ్లకు, పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు భద్రమైన బహిరంగ స్థలాలు అందాలంటుంది. అలా ఒప్పుకున్న దేశాల్లో భారతదేశం కూడా ఉంది.

వేములపల్లి లాంటి ఊళ్లో 300 మీటర్లు ఉంటే సరిపోదు. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఒకప్పుడు మామూలు రోడ్డు, ఇప్పుడు నాలుగు వరుసలు. వడ్ల లారీలు, సిమెంటు లారీలు, గుంటూరు, నెల్లూరు వైపు పోయే బస్సులు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. రోడ్డుకు ఇవతల ఇళ్లు, అవతల మైదానం ఉన్న ఊళ్లో ఆ నూరు అడుగుల డాంబరే అసలు దూరం. తొమ్మిదేళ్ల పిల్లను ఒంటరిగా దాటనిచ్చే ఇల్లు ఏదీ ఉండదు. అంటే ఆ పిల్ల లెక్కలో మైదానం లేనట్టే. దూరాన్ని మీటర్లలో కాకుండా, ఎన్నేళ్ల పిల్ల తనంతట తాను పోయి రాగలదో చూసి కొలవాలి.

తర్వాత చూడాల్సింది వెలుతురు. పొలం పనికి పోయే ఇంట్లో తల్లికి తీరిక దొరికేసరికి పొద్దు గూకుతుంది. మే నెలలో పగటి ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది కాబట్టి పిల్లలకైనా ఆట సాయంత్రం ఆరు తర్వాతే. ఆ వేళకు దీపం లేని మైదానం మూతపడ్డ మైదానమే. ఆ తర్వాత నీడ, కూర్చునే అరుగు, తాగే నీళ్లు, మరుగుదొడ్డి. వీటిలో ఏది లేకపోయినా మొదట వెనక్కి తగ్గేది ఆడపిల్ల. మగపిల్లలు ఎలాగో సర్దుకుంటారు. అందుకే చాలా ఊళ్లలో మైదానం పేరుకు అందరిదీ, నిజానికి పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ల మగపిల్లల క్రికెట్‌ది.

ఆడవాళ్లకు ఆరుబయలు అక్కర్లేదని ఎవరన్నా అంటే బతుకమ్మ తొమ్మిది రోజులు గుర్తుచేయాలి. ఆ తొమ్మిది రోజులు ఊరు జాగా శుభ్రం చేస్తుంది, దీపాలు పెడుతుంది, చెరువుకో కాల్వకో దారి బాగుచేస్తుంది. ముసలవ్వ నుంచి మూడేళ్ల పాప దాకా అందరూ వస్తారు, రాత్రి పది దాకా ఉంటారు. చోటు భద్రంగా, వెలుతురుగా ఉంటే ఆడవాళ్లు వస్తారనడానికి ఇంతకంటే రుజువు ఎందుకు? ఏడాదిలో మిగతా రోజులకు ఆ ఏర్పాటు ఎందుకు లేదన్నదే అడగాల్సిన మాట.

పొలంలో ఒంగి నాట్లేసే మనిషికి వ్యాయామం ఎందుకన్న మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు, ఆడవాళ్లలో అది 57 శాతం. పల్లెలోనూ హార్వెస్టరు, కలుపు మందు, బైకు వచ్చాక పరిస్థితి మారింది. అయినా ఆరుబయట గడపడమంటే చెమట పట్టడం ఒక్కటే కాదు. నాట్లేసి వచ్చిన మనిషికి కావాల్సింది నడుం వాల్చి, తోటివాళ్లతో నాలుగు మాటలు చెప్పుకునే చోటు. నీడలో ఒక అరుగు ఆ మనిషికి మైదానంతో సమానం.

కాల్వ గట్టు మీద

ఆడుకునే చోటు లేనప్పుడు మగపిల్లలు కాల్వకు పోతారు. ఎడమ కాల్వను మొదట్లో 11 వేల క్యూసెక్కుల ప్రవాహానికి కట్టారు. 2010 తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగిన ఆధునికీకరణలో సిమెంటు లైనింగ్ పడింది. నీళ్లు చివరి భూములకు చేరడానికి అది అవసరం. ఈతకు దిగిన పిల్లవాడికి మాత్రం అది పట్టు చిక్కని గోడ. పాచి పట్టిన వాలు మీద కాలు నిలవదు, పైనుంచి నీళ్లు వదిలితే గంటల్లో మట్టం పెరుగుతుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి మునుగుతాడు. సాగర్ కాల్వల్లో ఈతకు పోయి తిరిగిరాని పిల్లల వార్త ప్రతి ఎండాకాలం వస్తుంది. దేశంలో 2022లో నీట మునిగి పోయినవాళ్లు 38 వేలకు పైనే.

హెచ్చరిక బోర్డు పాతితే ఈ చావులు ఆగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సూటిగా ఉంది: బడి వయసు పిల్లలకు ఈత నేర్పాలి, నీళ్లకు చేరే దారుల్లో అడ్డు ఉండాలి. ఊరి దగ్గర కాల్వకు మెట్లు, చేతికందే గొలుసు, లోతు గుర్తులు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఇదీ ఆరుబయట ఆట నాణ్యతలో భాగమే. సాగర్ దగ్గర 274 ఎకరాల బౌద్ధ పార్కు, బుద్ధవనం, 2022 మే నెలలో తెరుచుకుంది. అలాంటిది రావడం సంతోషమే. కానీ వేములపల్లి కూలి ఇంటి పిల్లవాడు అక్కడికి పోవాలంటే బస్సు చార్జీ, టికెట్టు, ఒక రోజు కూలి పోవాలి. ఆ ఇంటికి రోజూ అందుబాటులో ఉన్న విహార స్థలం కాల్వ ఒక్కటే.

ఊరే వేసుకోగల లెక్క

పార్కులో ఎవరు, ఎంతమంది, ఏం చేస్తున్నారో చూసి రాసుకునే పద్ధతిని అమెరికా పరిశోధకులు దాదాపు ఇరవై ఏళ్ల కింద తయారుచేశారు. సోపార్క్ అంటారు. అందులో యంత్రాలేమీ ఉండవు. పరిశీలకుడు ఒక చోట నిలబడి ఎడమ నుంచి కుడికి చూపు సారిస్తూ ఆడ, మగ; పిల్లలు, కుర్రవాళ్లు, పెద్దలు, వృద్ధులు; కూర్చున్నారా, నడుస్తున్నారా, గట్టిగా ఆడుతున్నారా అని గీతలు పెట్టుకుంటాడు. రోజుకు కొన్నిసార్లు, వారంలో కొన్ని రోజులు. దాంతోపాటు గేటు తెరిచి ఉందా, దీపం వెలుగుతోందా, ఆ జాగా ఆటకు పనికొచ్చే తీరులో ఉందా అని రాస్తాడు. ఆ కాగితం చూస్తే మైదానం బతికున్నదో లేదో తెలిసిపోతుంది.

మన ఊళ్లో దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నోటుబుక్కుతో చేయగలరు. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఐదున్నర, రాత్రి ఏడున్నర. మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి. కోతల కాలంలో ఒకసారి, కోతలు లేనప్పుడు ఒకసారి. మైదానంలోనే కాదు, కాల్వ గట్టు మీదా, హైవే అంచునా, బడి గేటు బయటా ఎవరున్నారో కూడా రాయాలి. మైదానంలో నలుగురు, కాల్వ గట్టు మీద ఇరవై మంది కనిపిస్తే ఆ ఊరికి ఏం కావాలో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్లల గడిలో సున్నా పడితే, ఎందుకని వాళ్లనే అడగాలి. జవాబు దీపమో, దారో, మరుగుదొడ్డో అవుతుంది, లేదా అక్కడ కూర్చుని తాగే నలుగురవుతారు.

ఆ లెక్కతోనే పరిష్కారాలు కూడా బయటపడతాయి. వడ్లు ఆరబోసుకోవడానికి వేరే కల్లం ఉంటే మైదానం ఖాళీ అవుతుంది. ఉపాధి హామీ కింద తెలంగాణ కట్టిన కల్లాలకు కేంద్రం అభ్యంతరం చెప్పి, 2022లో 151 కోట్లు వెనక్కి ఇమ్మంది. కల్లం రైతుకు ఎంత అవసరమో అప్పుడు అందరూ మాట్లాడారు. ఊరి పిల్లల ఆటస్థలాన్ని కాపాడేదీ ఆ కల్లమేనన్న మాట అప్పుడు ఎవరి నోటా రాలేదు. రైతు పక్షం, పిల్లల పక్షం ఇక్కడ ఒక్కటే. ఒకే జాగా కోసం వాళ్లిద్దర్నీ పోటీకి దింపింది మన ప్రణాళిక లోపం.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు సర్పంచులు లేకుండా ప్రత్యేక అధికారుల చేతుల్లో నడిచాయి. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. వార్డు స్థానాల్లో, సర్పంచ్ స్థానాల్లో సగం ఆడవాళ్లవే. ఈ ఐదేళ్లలో వాళ్లు చేయగల పని ఒకటుంది. ఏడాదికి రెండుసార్లు మైదానంలో మనుషుల లెక్క తీయించి, గ్రామసభలో చదివి వినిపించాలి. పోయినసారి ఎంతమంది, ఈసారి ఎంతమంది, అందులో ఆడపిల్లలెందరు, అరవై దాటినవాళ్లెందరు. మొక్కలకు 85 శాతం అని గీత గీసిన రాష్ట్రం ఇది. మైదానానికీ ఒక గీత గీసుకోవచ్చు: వచ్చేవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు, ఆడపిల్లలు ఉండాలి. అది అందకపోతే సర్పంచ్, కార్యదర్శి ఎందుకో చెప్పాలి, మరుసటి సభకు ఏం మారుస్తారో రాసివ్వాలి. వేములపల్లి మండలంలో ఒక్క పంచాయతీ ఈ పని మొదలుపెట్టినా పక్క ఊరి గ్రామసభలో ఆ లెక్క అడిగేవాళ్లు తప్పక లేస్తారు.